మేకలు ముట్టని నీడ

కరెంటాఫీసులో ముప్పై రెండేళ్ళు లైన్‌మన్‌గా పనిచేశాను. ఆ ముప్పై రెండేళ్ళూ నేను చెట్లకు శత్రువునే. వానాకాలం ముందు తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం మా పని. పొడుగు కర్రకు కత్తి కట్టి కొట్టేవాణ్ణి, అందకపోతే ఎక్కి కొట్టేవాణ్ణి. శాలిబండ నుంచి యాకుత్‌పురా దాకా నేను కొట్టని వేప లేదు, చింత లేదు, బాదం లేదు. ఆడవాళ్ళు గల్లీలోకొచ్చి తిట్టేవాళ్ళు. "మా ఇంటి నీడ కొట్టినవ్, నీకు నీడ దొరకకపోను" అని ఒక ముసలామె అంటే, "నాకెందుకమ్మా నీడ, నేను స్తంభం మీదుండేటోణ్ణి" అని పైనుంచే జవాబిచ్చాను. కిందున్నవాళ్ళంతా నవ్వారు. నేను ఇంకో కొమ్మ కొట్టాను.

అలాంటివాడు రిటైరయ్యాక చెట్లు నాటుతానంటే ఎవరు నమ్ముతారు? గల్లీలో ఎవరూ నమ్మలేదు. నా భార్య మాత్రం నమ్మింది. ఆమె కోసమే నాటుతున్నానని ఆమెకు తెలుసు.

నేను రిటైరైన ఏడాదే ఆమె జబ్బు బయటపడింది. ముందు మోకాళ్ళూ, చేతివేళ్ళ కీళ్ళూ వాచాయి. గిన్నె పట్టుకుంటే జారిపోయేది. తర్వాత ముఖం మీద ముక్కుకు అటూ ఇటూ ఎర్రటి మచ్చలు లేచాయి. ఎండలోకి వెళ్ళొచ్చిన రోజు ఆ మచ్చలు మండేవి, రాత్రికి జ్వరం వచ్చేది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ రెండే మాటలు చెప్పింది. రోజూ గంట నడవాలి, లేకపోతే కీళ్ళు పట్టేస్తాయి. ఎండ మాత్రం ఒంటిమీద పడకూడదు, పడితే జబ్బు లోపలికి దిగుతుంది.

"ఈ ఊర్ల ఎండ పడకుంట ఎట్ల నడుస్తరు మేడం?" అనడిగాను.

"నీడలో నడవాలి" అంది, తర్వాతి పేషెంటు కాగితాలు అందుకుంటూ.

పొద్దున్నే నడవొచ్చు కదా అంటారు. తెల్లారేసరికి ఆమె కీళ్ళన్నీ బిగుసుకుపోయేవి. మంచం దిగడానికే గంట పట్టేది, పదిన్నర దాటితే గానీ ఒళ్ళు ఆమె మాట వినేది కాదు. సాయంత్రమైతే జనం. ఆ మచ్చల ముఖంతో జనంలోకి రానని మొండికేసింది. "అందరు నా మూతి దిక్కే చూస్తరు, నేను రాను" అంది. ఇక మిగిలింది పదకొండు నుంచి పన్నెండున్నర. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తిరగొద్దని మన పెద్దవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కునే వేళ అది.

మా ఇంటికి దగ్గర్లోనే వాకింగ్ ట్రాక్ ఉంది. యాకుత్‌పురా స్టేషన్ దాటాక, రైలు పట్టాలకూ గోరీల గోడకూ మధ్య ఒక సన్నటి జాగా ఉండేది. గోడకు అవతల పాత సమాధులు, ఇవతల చెత్త. ఆ చెత్త ఎత్తేసి, నేల చదును చేసి, పలకరాళ్ళు పరిచి, నాలుగు బెంచీలు వేసి దాన్ని ట్రాక్ అన్నారు. అరకిలోమీటరు ఉంటుంది. ఒక్క చెట్టు లేదు. మధ్యాహ్నం చెప్పులేసుకుని నిలబడినా అరికాళ్ళు కాలేవి. వార్డాఫీసుకు పోయి మొక్కలు పెట్టమని అడిగితే, "పెట్టుకోండ్రి, మేం వద్దన్నమా? నీళ్ళు గూడ మీరే పోసుకోవాలె" అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి?

మొదటి ఏడాది వేపలూ రావులూ నలభై పెట్టాను. పాతబస్తీ సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు. మా దగ్గర మనుషులు ఎంతమందో మేకలూ అన్ని. బక్రీద్ దగ్గరపడితే మేడలమీద కూడా అరుస్తుంటాయి. మొక్కల చుట్టూ ముళ్ళకంప పెట్టాను, దాన్ని పక్కకు తోసి తిన్నాయి. పాత చీరలు చుట్టాను, చీరల్తో సహా తిన్నాయి. కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాను, నేను చాయ్‌కి లేచేదాకా కాచుకుని కూర్చున్నాయి. నెల తిరిగేసరికి నలభై మొక్కలూ నలభై పుల్లలయ్యాయి.

మా గల్లీ చివర తాతల కాలం నుంచీ మేకలు పెంచే ఇల్లొకటుంది. ఆయనా నేనూ ఒక ఈడువాళ్ళం, చిన్నప్పుడు గోళీలాడినవాళ్ళం. పోయి ఆయనతో లొల్లి పెట్టుకున్నాను. "నీ మేకలు నా చెట్లన్ని తిన్నయి భాయ్" అంటే, "మేక చెట్టు తినక బిర్యానీ తింటదా అన్నా?" అన్నాడు.

రెండో ఏడాది నర్సరీలో ఒక కొత్త మొక్క చూపించారు. కోనోకార్పస్. అప్పుడు పట్నం నిండా దాన్నే పెడుతున్నారు. నీళ్ళు పోసినా పెరుగుతుంది, పోయకున్నా పెరుగుతుంది, మూడేళ్ళలో ఇంటెత్తు అవుతుంది, ఆకు రాల్చదు. "మేకలు?" అనడిగాను. "ముట్టయి సార్" అన్నాడు నర్సరీ అతను. వాడిమాట నమ్ముతానా? ఒక మొక్క తెచ్చి నేరుగా భాయ్ ఇంటిముందు పెట్టాను.

ఆయన దగ్గర ఒక నల్లమేక ఉండేది. సిమెంటు సంచులు తినేది, గోడమీది పోస్టర్లు తినేది. దాన్ని విడిచాడు. అది ఉరికొచ్చి మూతి చాపింది. ఆకు ఇంకో వేలెడు దూరంలో ఉందనగా ఆగిపోయింది. వాసన చూసింది. తర్వాత వెనక్కి నడిచింది. తిరిగి పోలేదు, మొక్కనే చూస్తూ ఒక్కొక్క అడుగూ వెనక్కి వేసి, వీపు గోడకు తగిలేదాకా పోయి నిలబడింది. అరవలేదు కూడా. మేక వెనక్కి నడవడం నేను అదే మొదటిసారి చూడటం.

భాయ్ ముఖంలో నవ్వు పోయింది. "బక్రీ మూ నై లగారీ అన్నా. జాన్వర్ కు మాలూం రహతా. జర సోంచాయించు" అన్నాడు. మేక మూతి పెట్టడం లేదంటే పశువుకు ఏదో తెలిసే ఉంటుంది, కాస్త ఆలోచించు అని.

"సోంచాయించేదేంది భాయ్? నాకు గావాల్సింది గదే గదా!" అని మొక్క చంకలో పెట్టుకుని వచ్చేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ సంగతి నాతో పనిచేసినవాళ్ళను ఎవరినడిగినా చెబుతారు.

రెండువందల మొక్కలు పెట్టాను. గోడవైపు వంద, పట్టాలవైపు వంద. మేకలు రావడం మానేశాయి. నర్సరీ అతను చెప్పింది అక్షరాలా జరిగింది. మూడో ఎండాకాలానికి రెండు వైపుల కొమ్మలూ పైన కలిసి అల్లుకుపోయాయి. లోపల ఎండ చుక్క పడదు. వేపనీడలో అక్కడక్కడా వెలుతురు మచ్చలు ఆడుతుంటాయి కదా, ఇందులో అవి కూడా లేవు. అటు చివరనుంచి ఇటు చివరికి ఒకటే నలుపు.

ఆమెను తీసుకెళ్ళిన మొదటి రోజు నాకింకా గుర్తుంది. తలమీది కొంగు తీసేసి నడిచింది. అటు చివరిదాకా పోయి తిరిగొచ్చి బెంచీమీద కూర్చుని, "మస్తుందయ్యా" అంది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను చేసిన పనిని ఆమె మెచ్చుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. నాకు ఏడుపొచ్చింది. దగ్గొచ్చినట్టు చేసి అటు తిరిగాను.

ఆ నెలంతా నేను భూమ్మీద లేను. తర్వాత ఒకరోజు ఆమె ట్రాక్ మధ్యలో ఆగి, "చెప్పులు ఇడువు" అంది. విడిచాను. తనూ విడిచింది. "గిప్పుడు విను" అంది.

విన్నాను. గోడ అవతల గోరీల మధ్య గోరింకలు కొట్లాడుకుంటున్నాయి. పట్టాల అవతల ఎక్కడో కాకి. మా నెత్తిమీద, మా చుట్టూ మాత్రం ఏమీ లేదు. మా చెప్పుల చప్పుడు ఆగిపోయాక ఆ చెట్లలో వినడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఒక్క పిట్ట లేదు" అంది. "ఉడుత లేదు. ఈగ సుత లేదు. గిన్ని చెట్లల్ల ఏ ఒక్కటన్న ఉండాలె గదనయ్యా?"

"నీకు నడిచేది గావాల్నా, పిట్టల కచేరీ గావాల్నా?" అని విసుక్కున్నాను. కానీ చెప్పులు తొందరగా వేసుకున్నది నేనే.

ఆ మాట విన్నాక నాకూ కనబడటం మొదలైంది. మే నెలలో మా వీధికుక్కలు నీడకోసం ఆగివున్న ఆటోల కింద దూరి నాలుక బయటపెట్టి పడుకుంటాయి. నా అరకిలోమీటరు నీడలో ఒక్క కుక్క పడుకోలేదు. ట్రాక్ మొదట్లోకొచ్చి, రాతి అంచుదగ్గర ఆగి, మళ్ళీ ఆటో కిందికే పోయేవి. సాయంత్రం నడిచేవాళ్ళు కూడా పలచబడ్డారు. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పేవాళ్ళు కాదు. "అదేందో, గాడ మన్సుకు మంచిగనిపిస్తలేదన్నా" అన్నారొకరు.

ఆమెకు పిట్టలకు జొన్నలు వేసే అలవాటు. మా ఇంటి గోడమీద ఒక మట్టి మూకుడు ఉంటుంది. గుప్పెడు జొన్నలు వేసి చెయ్యి తీసేలోపే పావురాలు వాలిపోతాయి. పిట్టలు లేవని దిగులుపడి, అలాంటి మూకుడే ఒకటి తెచ్చి ట్రాక్‌మీద మూడో బెంచీపక్కన పెట్టింది. రెండో రోజు చూస్తే జొన్నలు అట్లనే ఉన్నాయి. మూడో రోజూ అట్లనే. నడుమ ఒక వాన పడింది. ఇంకో వారానికి మేం పోయేసరికి మూకుడు నిండా పచ్చగా వేలెడు మొలకలు నిలబడి ఉన్నాయి. గింజ ఒక్కటి తగ్గలేదు. పిట్టలకు వేసిన గింజ మొలకెత్తడం మా ఇద్దరిలో ఎవరమూ ఎప్పుడూ చూడలేదు.

ఆమె చాలాసేపు వంగి ఆ మొలకలను చూసింది. "ఇంటికి పోదాం" అంది. మర్నాడు నేను ఒక్కణ్ణే పోయి ఆ మూకుడు తీసేశాను.

చలికాలం మొదలవగానే చెట్లకు చిన్న చిన్న గుండీల్లాంటి పూలు వచ్చాయి. వాసన లేదు. బెంచీలమీద సన్నటి పసుప్పచ్చ దుమ్ము పడేది. తుడిస్తే మర్నాటికి మళ్ళీ పడేది. అప్పుడే ఆమెకు దగ్గు పట్టుకుంది. రెండు రౌండ్లు నడిచేది ఒకటే నడవడం మొదలుపెట్టింది. మూడో బెంచీ దాటాక ఒకచోట ఆగిపోయేది. రోజూ అదే చోట.

ఒకరోజు నేను వెనక మూడో బెంచీమీద కూర్చుని ఉన్నాను. ఆమె ఒక్కతే ముందు నడుస్తోంది. ఆ చోటుకు చేరగానే నిలబడిపోయింది. ఒక చెయ్యి చెట్టు మొదలుకు ఆనించి, రెండో చెయ్యి ఎత్తి, ఎదురుగా ఎవరో వస్తుంటే "ఒక్క నిమిషం ఆగు" అన్నట్టు చూపించింది. ఎదురుగా ఎవరూ లేరు. ట్రాక్ ఆ చివరిదాకా ఖాళీ. ఆమె పెదవులు కదులుతున్నాయి. పక్కన లోకల్ రైలొకటి పోయింది. దాని కిటికీలమీద మెరిసిన ఎండ తళుకు చెట్ల సందుల్లోంచి ఆమె మీద పడి పడి పోయింది. రైలు దాటాక కూడా ఆమె ఆ చెయ్యి దించలేదు. లేచి ఆమె దగ్గరికి పోవాలనుకున్నాను, బెంచీమీదే ఉండిపోయాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది, కానీ నిజం అదే.

వచ్చాక "ఎవరితోటి మాట్లాడుతున్నవ్?" అనడిగాను.

"ఎవరితోటి లేదు" అంది. "గాడికి పోంగనే ఎవరో గొంతు పట్టుకున్నట్టుంటది."

గల్లీ ఆడవాళ్ళకు ఆ మాట చాలు. గోరీల గోడపక్కన పట్టపగలు నడిస్తే గాలి సోకకుండా ఉంటుందా అన్నారు. నేను దయ్యాలను నమ్మినవాణ్ణి కాదు, స్తంభాలమీద ఎన్నో అర్ధరాత్రులు గడిపాను. ఈసారి మాత్రం నమ్మాను. ఎందుకు నమ్మానో తర్వాత తెలిసింది. దయ్యమైతే అందులో నా తప్పేం లేదు కదా.

మేకల భాయ్ చెప్పిన ప్రకారం ఆమెను మసీదు దర్వాజా దగ్గరికి తీసుకెళ్ళాను. మా దగ్గర అందరూ చేసేదే. సాయంత్రం నమాజుకు ముందే నీళ్ళ గ్లాసులు పట్టుకుని, చంటిపిల్లల్నెత్తుకుని, హిందువులూ ముస్లింలూ అందరూ వాకిట్లో వరసగా నిలబడతారు. నమాజు ముగించి బయటికొచ్చేవాళ్ళు ఏదో చదువుకుంటూ ఒక్కొక్కరి మీదా, నీళ్ళమీదా ఊదిపోతారు. ఆమె వేళ్ళు మూసుకోవు కాబట్టి గ్లాసును రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుంది. ఎంతమంది ఊదారో! ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, పని బట్టల్లో ఉన్న మెకానిక్కులు. ఒక్కొక్కరూ వంగి ఊదుతుంటే ఆమె కళ్ళు మూసుకుని నిలబడింది. అందరి దగ్గరా అంత ఊపిరుంది. మా ఆవిడ దగ్గరే లేదు.

ఆ నీళ్ళు తాగి ఆ రాత్రి బాగానే పడుకుంది. మర్నాడు పదకొండింటికి మళ్ళీ ట్రాక్ మీదికి పోయాం. మూడో బెంచీ దాటాక మళ్ళీ ఆగింది.

ఆ చలికాలం ఎట్లనో గడిచింది. ఆ మరుసటి చలికాలం గడవలేదు. ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి గడపమీద కూర్చుని లేవలేకపోయింది. గోళ్ళు నీలంగా మారాయి. ఆస్పత్రిలో ఆరు రోజులు ముక్కుకు గొట్టం పెట్టి ఉంచారు. ఛాతీ డాక్టరు కుర్రాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. సిగరెట్లు, కట్టెల పొయ్యి, పావురాలు అన్నీ అడిగి, చివరికి "మీ ఇంటి దగ్గర ఏం చెట్లున్నాయి అంకుల్?" అన్నాడు.

చెప్పాను. అతను పెన్ను కింద పెట్టాడు. "వాటివల్లనే అని నేను రాసివ్వలేను. కానీ ఆ పూల దుమ్ము కొందరికి పడదు. ఆమె ఊపిరితిత్తులకు ఆ జబ్బు మూలంగా ముందే బలం తక్కువ. ఒక నెల ఆ చెట్ల దగ్గరికి పంపకండి" అన్నాడు.

అతనిమీద నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. చెట్టంటే గాలి ఇచ్చేది, చిన్నపిల్లల పుస్తకాల్లోనే ఉంటుంది, ఈయన డాక్టరు ఎలా అయ్యాడు అనుకున్నాను. ఆమెను గుడిమల్కాపూర్‌లో మా బిడ్డ ఇంట్లో దించి, నేను ఇంటికి కూడా పోకుండా నేరుగా ట్రాక్ దగ్గరికి పోయాను. సరిగ్గా మిట్టమధ్యాహ్నం.

మూడో బెంచీ దాటి ఆమె ఆగేచోట నిలబడ్డాను. అక్కడ కొమ్మలు అన్నిటికంటే కిందికి, అన్నిటికంటే దట్టంగా ఉన్నాయి. గాలి ఆడటం లేదు. ఎవరో నా వెనక నిలబడినట్టు మెడమీద చల్లగా అనిపించింది. తిరిగి చూడలేదు. చెప్పులు విడిచి చెట్టెక్కాను. అరవై నాలుగేళ్ళ వయసులో ఎందుకెక్కావంటే ఏం చెప్పను? చెట్టును తెలుసుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

వేప ఎక్కితే గండుచీమలు కుడతాయి. మామిడి ఎక్కితే ఎర్రచీమలు మెడలో దూరతాయి. చింతమీద తేనెటీగలు వెంటపడితే ఒకసారి నిచ్చెనతో సహా కిందపడ్డాను. కాకి గూడు కదిలిస్తే కాకి నెత్తిమీద పొడిచింది. ముప్పై రెండేళ్ళు నేనెక్కిన ప్రతి చెట్టూ నన్ను కుట్టింది, కరిచింది, తరిమింది. ఈ చెట్టు కొమ్మల మధ్య చేతులు పెట్టి, ఆకులు విడదీసి, బెరడు గీకి, పావుగంట వెతికాను. ఒక్క చీమ లేదు. సాలెగూడు లేదు. పిట్టరెట్ట మచ్చ లేదు. పైన కూర్చుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా నా రెండువందల చెట్లనూ చూశాను. నన్ను కుట్టడానికి అందులో ఏదీ లేదు. జీవితంలో అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు. కరెంటు కొట్టినప్పుడు కూడా వేయలేదు.

ఎట్లా దిగానో తెలియదు. చేతులనిండా, మీసాలనిండా పసుప్పచ్చ దుమ్ము. బెంచీమీద కూర్చుని దగ్గాను. ఆగకుండా దగ్గాను. ఎవరో గొంతు పట్టుకున్నట్టే ఉంది.

గుడిమల్కాపూర్ వెళ్ళేసరికి ఆమె మా బిడ్డ ఇంటి వాకిట్లో కూర్చుని, పూలమార్కెట్టు నుంచి తెచ్చిన బంతిపూల కుప్ప ముందేసుకుని తొడిమెలు తుంచుతోంది. పూల మధ్య కూర్చుంది, ఒక్క దగ్గు లేదు. నేను పక్కన చతికిలబడి, చెట్లే చేశాయట అని చెప్పాను.

"నాకెర్కే" అంది, తల ఎత్తకుండా. "నిరుడు గీడ పది రోజులున్నప్పుడే ఎర్కైంది. గీడ ఊపిరి మంచిగాడుతది. ఆడికి పోతె ఆడదు."

"ఎర్కుండి ఎందుకు పోయినవే? రోజు పోయినవ్ గదా!"

"నువ్వు పెట్టినవని పోయిన."

ఇంకో పువ్వు తొడిమె తుంచి ఆమే మళ్ళీ అంది. "నువ్వు రోజు బకెట్లు మోసినవ్. మేకల తోటి లొల్లి పెట్టుకున్నవ్. గా చెట్ల కింద కూసుంటె నీ మొఖం ఎట్లుండెనో నీకు తెల్వదు. ఎట్ల చెప్పాలె? పోయి జల్ది నడిచొద్దాం అనుకునేదాన్ని. ఆడికి పోంగనే ఊపిరి పోతుండె. ఆగు, ఆగు, ఒక్క నిమిషం అని చెయ్యెత్తి దానికే చెప్పుకునేదాన్ని."

కొరివితో తల గోక్కుంటే కాలేది మన తలే. నేను గోక్కున్నది నా తల కాదు, ఆమెది.

అప్పటికే పట్నంలో ఆ చెట్టుమీద మాటలు మొదలయ్యాయి, కొన్నిచోట్ల తీసేస్తున్నారు. వార్డాఫీసులో ఈసారి ఎవరూ అడ్డుచెప్పలేదు. రంపం మిషన్ పట్టుకుని ఇద్దరు కూలీలు వచ్చారు. నేను నా పాత కత్తి తీసుకుని వాళ్ళతో పాటు నాలుగు రోజులు కొట్టాను. రెండువందల చెట్లు పడిపోతుంటే వాటిలోంచి ఒక్క పిట్ట లేవలేదు. చివరిరోజు ట్రాక్ మీద ఎండ మళ్ళీ పడింది, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు.

డాక్టరు చెప్పినదాన్నిబట్టి ఆమె ఊపిరితిత్తుల్లో పోయింది పోయినట్టే, ఉన్నది నిలుపుకోవడమే. నడవడం మాత్రం మానొద్దన్నాడు. నెల గడిచాక ఆమె ఇంటికొచ్చింది. పదకొండింటికి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి నావైపు చూసింది. ట్రాక్ మీద నీడ లేదు. మళ్ళీ వేపలు పెట్టినా ఐదారేళ్ళు పడుతుంది. ఐదారేళ్ళు ఆమె దగ్గర ఉన్నాయో లేదో నాకు తెలియదు.

ఇంతదాకా రాసి ఒక మాట దాచాను. దాచేద్దామనే అనుకున్నాను. ఎండ పడకూడదని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పిన రోజు, బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డప్పుడు ఆమె నన్ను ఒకటే అడిగింది. "నా వేళ్ళతోటి గొడుగు పట్టరాదు. నువ్వు పట్టుకోని నా పక్కకు నడుస్తవా?" అంది. నేను నవ్వాను. "గల్లీల పెండ్లానికి గొడుగు పట్టుకోని తిరగాల్నా? అందరు నవ్వుతరు. నీకు పర్మినెంటుగ నీడ చేస్త సూడు" అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. అప్పట్నుంచి నేను మొక్కలు తెచ్చాను, కంపలు నరికాను, బకెట్లు మోశాను, మేకలతో కొట్లాడాను. ఐదేళ్ళు కష్టపడ్డాను. ఒక గొడుగు పట్టుకోవడం తప్ప అన్నీ చేశాను.

ఇప్పుడు పట్టుకుంటున్నాను. మొదటి బెంచీ నుంచి రెండో బెంచీ దాకా పోతాం. అక్కడ కూర్చుని ఆమెకు ఊపిరి కుదిరాక తిరిగొస్తాం, అంతకుమించి ఆమె నడవలేదు. రెండు వైపులా మోడులకు చిగుళ్ళు వస్తూనే ఉన్నాయి, నేను వారానికోసారి పోయి కొట్టేస్తున్నాను. మొదటి రోజు గొడుగు విప్పేటప్పుడు ఎవరైనా చూస్తున్నారేమోనని ట్రాక్ ఆ చివరిదాకా చూశాను. పదకొండున్నర ఎండలో అక్కడ ఒక్క మనిషి లేడు. ఆ వేళకు అక్కడ ఏనాడూ ఎవరూ లేరు.